ఎడమ మర

మా ఆయన రిమోట్ కార్లంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. అవేమీ చిన్నపిల్లలు ఆడుకునేవి కావు. మూరెడు పొడవుండే ట్రక్కులు, లావుపాటి రబ్బరు టైర్లు, ప్రతి చక్రానికీ ఒక స్ప్రింగు, లోపల బ్యాటరీ, మోటారు. రిటైరైన మగవాళ్ళు కొందరు గుడి కమిటీలో చేరి పోట్లాడుకుంటారు, కొందరు ఫోన్లో రాజకీయాలు చూసి బీపీ పెంచుకుంటారు. ఈయన బేస్‌మెంటులోకి దిగి ట్రక్కు చక్రాలు ఊడదీస్తారు, మళ్ళీ బిగిస్తారు. మళ్ళీ బిగించేదానికి ఊడదీయడం దేనికండీ అని అడిగితే, "నీకు తెలీదులేవే" అనేవారు.

తెలుసుకోవలసిన అవసరం నాకేముందని నేనూ ఊరుకున్నాను. కారు నడపడం కూడా అలాగే నేర్చుకోలేదు. ఆయన ఉన్నారుగా! కెనడాలో, ఈ సార్నియాలాంటి చిన్న ఊళ్ళో ఉంటూ ఇలా అనుకోవడం ఎంత తెలివితక్కువతనమో అప్పట్లో తెలియలేదు. ఇక్కడ బస్సు ఉందంటే ఉంది, లేదంటే లేదు. కూరగాయలకైనా, డాక్టరుకైనా, నది ఒడ్డున కాసేపు నిలబడి అవతలి అమెరికా ఒడ్డు చూడాలన్నా కారు తియ్యాల్సిందే. ఆయన కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, నేను పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా కబుర్లు చెబుతూ తిరిగాను. 

మతిమరుపు మెల్లగా మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, అన్నం తిని లేచి వంటయిందా అని అడగడం. డాక్టరు పరీక్షలు రాశాడు. అవి నడుస్తుండగానే ఒక శనివారం పొద్దున కూరగాయలు కొనుక్కుని షాపు పార్కింగులోంచి మెయిన్ రోడ్డెక్కాం. ఆయన కారును నింపాదిగా ఎడమ పక్కకు తీసుకెళ్ళి, నింపాదిగా ముందుకు పోనిచ్చారు. మన దేశంలో అయితే అది సరైన పక్కే. ఈ దేశంలో ఆ పక్కన ఎదురుగా ట్యాంకర్ వస్తుంది. వచ్చింది కూడా, హారన్ మోగించుకుంటూ. "ఏమండీ, కుడి! కుడి!" అని నేను పెట్టిన కేకకు ఆయన ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పారు. కారు గడ్డిలోకి ఎక్కి ఆగింది. వంకాయలన్నీ నా కాళ్ళ దగ్గర దొర్లాయి. ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళకు పైగా కుడి పక్కన నడిపిన మనిషి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, "కారు ఎడమకు లాగుతోంది" అన్నారు.

తర్వాతి వారం డాక్టరు అడిగాడు, డ్రైవింగులో ఏమైనా తేడా కనిపిస్తోందా అని. ఏమీ లేదన్నారు ఈయన. డాక్టరు నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? రేపు ఎదురొచ్చేది పిల్లల స్కూలు బస్సయితే? చెప్పేశాను. ఆయన పక్కనే ఉన్నారు, ఆయన వింటుండగానే చెప్పాను. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ పూట నుంచే కారు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. కొన్నాళ్ళకు లైసెన్సూ రద్దయింది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ట్యాక్సీలో, "బయటివాడి ముందు నా పరువు తీశావు" అన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మనసులో అనుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

అక్కడితో వదిలినా బాగుండేది. ఆయన ఒక మెకానిక్‌ను ఇంటికి పిలిపించారు. అతను కారును వీధి చివరిదాకా నడిపి, కిందికి దూరి చూసి, స్టీరింగులో ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళాడు. "వాడి మొహం! ప్లే ఉంది. సరిగ్గా చూడలేదు వాడు" అన్నారు ఈయన. ప్లే అంటే భాగాలు అరిగి వదులై, అటూ ఇటూ ఆడటమట. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంకా కారునే అంటారేంటండీ?" అన్నాను. అననా మరి? చావు తప్పి కన్ను లొట్టపోయి ఇంటికొచ్చినవాళ్ళం. ఆయన నన్నొకసారి చూసి, మెట్లు దిగి బేస్‌మెంటులోకి వెళ్ళిపోయారు. నాతో మాట్లాడటం ఆ రోజుతో సరి.

అలిగారు, పూటకో రెండు పూటలకో దిగొస్తారనుకున్నాను. రాలేదు. అమ్మాయి టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఆర్ యూ గైస్ ఓకే?" అంటుంది. దాంతో మాట్లాడతారు. పక్కింటాయన మంచు తోస్తూ పలకరిస్తే వాతావరణం గురించి చక్కగా మాట్లాడతారు. నాతోనే లేదు. అన్నానికి పిలిస్తే వస్తారు, తింటారు, కంచం కడిగి పెడతారు. మజ్జిగ కావాలంటే గిన్నె వైపు చూస్తారు. నేను లేచి పొయ్యాలి. పొయ్యకుండా మొండికేసి చూశాను ఒకరోజు. మజ్జిగ లేకుండానే లేచి వెళ్ళిపోయారు. నేనూ కంచం వదిలి లేచాను.

ఆ చలికాలం ఎలా గడిచిందో చెబితే నమ్మరు. ఒకప్పుడు మా వీధి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నాలుగుండేవి. రిటైరయ్యాక ఒక్కొక్కరే పిల్లల దగ్గరికి, టొరంటో వైపు ఇళ్ళు మార్చుకున్నారు. కాలేజీకొచ్చిన తెలుగు పిల్లలు దుకాణాల్లో కనిపించి "బాగున్నారా ఆంటీ" అంటారు, వాళ్ళ హడావుడి వాళ్ళది. కారు గరాజులో దుమ్ము కొట్టుకుపోతోంది. బయట మంచు. ఇంట్లో నేను, నా గొంతు. వంకాయతో మాట్లాడాను, కుక్కర్‌తో మాట్లాడాను. "ఏమ్మా, ఇంకెన్ని విజిల్సేస్తావు?" అని అడిగి, జవాబు కోసం ఆగానొకసారి. సిగ్గేసింది. అంత ఒంటరితనం నా బతుకులో ఎన్నడూ ఎరగను. మనిషి లేకపోతే ఒక బాధ. ఉన్న మనిషి పలక్కపోతే అది నరకం.

పైగా ఆయన జ్ఞాపకం ఎంతో కాలం నిలిచేది కాదు. డాక్టరు దాచకుండా చెప్పాడు. ముందు ఈ మధ్య సంగతులు పోతాయట, తర్వాత మాటలు, ఆ తర్వాత మనుషులు. అంటే ఈయన ఎప్పుడో ఒకప్పుడు నా మీద కోపం సంగతే మరిచిపోయి మామూలుగా పలకరిస్తారు. అది నాకెందుకు? మరుపు వల్ల వచ్చిన మాట నాకొద్దు. జరిగింది గుర్తుండగానే, బుద్ధి ఉండగానే, నువ్వు చేసింది తప్పు కాదే అని ఒక్క మాట అనాలి. తిడుతూ అన్నా సరే. ఆ ఒక్క మాట కోసం కాచుకు కూర్చున్నాను.

ఆయనేమో పొద్దస్తమానం కిందే ఉండేవారు. నేను బట్టలుతికే మిషను కోసమని దిగి ఓరకంట చూసేదాన్ని. నేల మీద పొడుగ్గా తెల్ల టేపు అంటించారు. ట్రక్కును దాని మీద నిలబెట్టి రిమోట్‌తో వదులుతారు. అది కాస్త దూరం సూటిగా వెళ్ళి, ఎడమకు ఒరిగి, గోడకు కొట్టుకుంటుంది. తెచ్చుకుని టేబుల్ మీద పెట్టి ముందు భాగం ఊడదీస్తారు. మళ్ళీ బిగించి వదులుతారు. మళ్ళీ ఎడమకే. కారును ముట్టుకోనివ్వరు కనక, ఆ స్టీరింగు మీద అనుమానమంతా ఈ బొమ్మ మీద తీర్చుకుంటున్నారని నాకు అర్థమైంది. పిచ్చి మనిషి!

ఒకరోజు దిగేసరికి నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ కనిపించారు. స్క్రూ పడిపోయింది. గోధుమ గింజలో సగం ఉంటుందేమో. ఆయన వేళ్ళు అప్పటికే కొద్దిగా వణుకుతున్నాయి, చూపు ఆనడం లేదు. నేను పైకి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ తెచ్చి నేల మీద దువ్వాను. స్క్రూ వచ్చి అతుక్కుంది. ఆయన చెయ్యి చాపారు. నేనివ్వలేదు. "ఎక్కడ పెట్టాలో చూపించండి" అన్నాను. చాలాసేపు తటపటాయించి, వేలు పెట్టి చూపించారు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు.

నేనూ చేతిపని తెలిసినదాన్నే. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళున్న రోజుల్లో అందరి జాకెట్లూ నేనే కుట్టాను, చీరలకు ఫాల్స్ వేశాను. ముందు చక్రాలు రెండూ పట్టుకుని ఊపితే టకటకమన్నాయి. నా కుట్టుమిషన్ సూది కడ్డీ అరిగినప్పుడు సరిగ్గా ఇలాగే ఆడేది. కాబట్టి ఈయన అనేది పూర్తిగా పిచ్చి కాదు. ట్రక్కు స్టీరింగులో నిజంగానే వదులుంది.

ఆ వదులు ఎక్కడిదో పట్టుకోవడానికి చాలా రోజులే పట్టింది. చక్రాలను తిప్పడానికి అగ్గిపెట్టెంత మోటారు ఒకటుంది, దాన్ని సర్వో అంటారు. అది ఒక కడ్డీని లాగితే, మోచేతుల్లా వంగిన రెండు ప్లాస్టిక్ ముక్కలు కదులుతాయి. ఆ మోచేతుల నుంచి చెరో కడ్డీ చెరో చక్రానికి వెళ్తుంది. మోచేతుల రంధ్రాలు అరిగి పెద్దవయ్యాయి. ఆయన చార్టు గీసి, కంప్యూటర్‌లో చూపించి, అల్యూమినియంవి తెప్పించారు. అవి తిరిగేచోట పూసలంత బేరింగులు. వచ్చినవి తిన్నగా పట్టలేదు, కింద పలకకు రాసుకున్నాయి. ఆయన ఆకురాయి అందించారు, నేను అరగదీశాను. కాస్త అరగదీయడం, పెట్టి చూడటం, మళ్ళీ తీయడం. కాగితమంత పల్చని వాషర్లు ఎక్కడ ఒకటి వెయ్యాలో, ఎక్కడ రెండు వెయ్యాలో ఆయన గోటితో చూపించేవారు. 

ఒక్క మాట లేదు. "ఇదా? ఇటా?" అని నేనడగడం, ఆయన తలాడించడం. ఒక్కోసారి కావాలనే తప్పు ముక్క తీసేదాన్ని, కసురుకునైనా నోరు తెరుస్తారేమోనని. ఆయన ఓపిగ్గా దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, సరైనది ఇచ్చేవారు. అప్పుడు మాత్రం ఆ అల్యూమినియం ముక్కలన్నీ తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించేది.

చివరికి చక్రాల కడ్డీలు మిగిలాయి. రెండు కొసలకూ ప్లాస్టిక్ టోపీలు బిగించాలి. ఒక కొస హాయిగా బిగిసింది. రెండోది ఎంత తిప్పినా ఎక్కదు. నాకు మొండితనం ఎక్కువ కదా, పటకారుతో పట్టి బలంగా తిప్పాను. టోపీ లోపలి మరలు చితికిపోయాయి. ఆయన గబుక్కున నా మణికట్టు పట్టుకున్నారు. కొత్త టోపీ నా వేళ్ళ మధ్య పెట్టి, నా చేతిని అవతలి వైపుకు తిప్పారు. వెన్నలా ఎక్కింది. అప్పుడర్థమైంది, ఆ కొసకున్నది ఎడమ మర. ఒక కొసకు కుడి మర, ఇంకో కొసకు ఎడమ మర. నడుమ కడ్డీని ఒకవైపు తిప్పితే రెండు కొసలూ దగ్గరికొస్తాయి, రెండోవైపు తిప్పితే దూరమవుతాయి. అలా చక్రాలను సరిచేసుకోవాలన్నమాట. టోపీ పూర్తిగా బిగిశాక కూడా ఆయన నా మణికట్టు వెంటనే వదల్లేదు. నేనూ లాక్కోలేదు. ఏడుపొచ్చింది గానీ ముక్కు ఎగబీల్చి ఆపుకున్నాను.

మంచు కరిగి రోడ్లు బయటపడ్డాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ట్రక్కు పట్టుకుని మా ఇంటి వెనకున్న స్కూలు పార్కింగుకు నడిచివెళ్ళాం. ఎవరూ లేరు. చలికాలం చల్లిన ఇసుక ఇంకా మూలల్లో ఉంది. ఆయన ట్రక్కు కింద పెట్టి, రిమోట్ నా చేతికిచ్చారు. పిస్తోలులా ఉంటుంది, పక్కన చిన్న చక్రం. మీట మెల్లగా నొక్కాను. పార్కింగు తెల్లగీత మీద పెట్టిన ట్రక్కు ఆ గీత వదలకుండా, అటు చివరిదాకా దారం లాగినట్టు సూటిగా వెళ్ళింది. ఈల వెయ్యాలనిపించింది. ఎంతైనా నా చేతిపని!

వెనక్కి తిప్పి మా వైపు రప్పించేటప్పుడు తంటా వచ్చింది. కుడికి తిప్పితే ఎడమకు పోతోంది. కంగారుపడి ఇంకా తిప్పాను. ట్రక్కు పార్కింగు పక్కనున్న అరుగంచుకు కొట్టుకుని వెల్లకిలా పడింది.

"అటు కాదండీ, అటు కాదు! బండి మన వైపు వచ్చేటప్పుడు తిరగేసి తిప్పాలి."

మాట్లాడారు! నాతోనే! పెళ్ళాన్ని అండీ అని పిలిచి ఏడిపించడం మా గోదావరి మగవాళ్ళకు కొత్తేమీ కాదు. సంతోషం పట్టలేక నేనూ అందుకున్నాను.

"అబ్బో! ఇన్నాళ్ళకు నోరు పెగిలిందా అయ్యగారికి?"

ఆయన మర్యాదగా నవ్వారు. షాపులో బిల్లు లైనులో ముందున్న కొత్తవాళ్ళను చూసి నవ్వే నవ్వది.

"మీరు ఈ పక్క కొత్తగా వచ్చారా? ఎప్పుడూ చూళ్ళేదు మిమ్మల్ని."

ఆయన ముఖంలోకి చూశాను. ఎకసెక్కం లేదు. ఏమీ లేదు. అరుగంచు మీద కూలబడ్డాను. ఎండ చక్కగా కాస్తోంది. ఎవరిని పిలవాలి? ఎవరికి చెప్పాలి? పిలవడానికి, చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

ఆయన వచ్చి పక్కన కూర్చుని ట్రక్కును ఒళ్ళో తిరగేసుకున్నారు. ముందు చక్రాలు పట్టుకుని ఊపి చూశారు.

"ప్లే బొత్తిగా లేదే! ఎవరండీ బిగించింది?"

"నేనే."

"మంచి చెయ్యండీ మీది. ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఆయన దగ్గర" అన్నాను. ఇంకేమనను?

"అదృష్టవంతుడు. మా ఆవిడకు ఇవంటే పరమ చిరాకు."

అంత దుఃఖంలోనూ నాకు మండింది. "పొద్దస్తమానం వీటితో కూర్చుంటే చిరాకుపడక ఏం చేస్తుందండీ పాపం!"

ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వి, తల వంచుకుని, "మాకు మాటల్లేవు లెండి" అన్నారు.

"ఏం, ఎందుకని?"

"డాక్టరు దగ్గర ఉన్నమాట చెప్పేసిందండీ. నేను రాంగ్ సైడ్ పోనిచ్చా. ఎదురుగా ఇంత ట్యాంకర్. మా ఆవిడ కేకేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నాతోపాటు అదీ పోయేది."

"కారు ఎడమకు లాగిందేమోనండీ" అన్నాను.

"కారేం చేసిందండీ పాపం. నేనే."

చలికాలమంతా నేను కాచుకున్న మాట అదే. అన్నారు. జరిగిందంతా గుర్తుండి, బుద్ధి ఉండి, ఇంత స్పష్టంగా అన్నారు. నాతో అనుకుని మాత్రం కాదు. 

"మరి ఆ ముక్క ఆవిడతో అనకూడదూ? ఎదురుచూస్తోందేమో" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని అనమంటారు? మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. తప్పు నాదేనని ఒప్పుకుంటే ఇక నన్ను బతకనిస్తుందా?" ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశారు. "తను మీకెక్కడైనా కనిపిస్తే ఈ సంగతి అనకండేం."

"అననండీ."

"ఒట్టు?" అంటూ గ్రీజు మరకల అరచెయ్యి చాపారు.

ఆయన చేతిలో చెయ్యి వేసి, ఆయన భార్యకు చెప్పనని ఒట్టు వేశాను.